నూటఇరవై గంటలు

నూటఇరవై గంటలు పెద్దవాళ్ళని పక్కన కూచోబెట్టుకుని నడిపితేగానీ
ఈ రాష్ట్రం నా కూతురికి లైసెన్సు ఇవ్వదు.
తొంభై ఒకటి అయ్యాయి.
మిగతావి మన వీధుల్లోనే తిరిగి పూర్తిచేద్దామంటే
"ఎన్నిసార్లు వెళ్తాం అమ్మా సూపర్‌మార్కెట్‌కి,
తిమింగలాల దగ్గరికి పోదాం" అంది ఆముక్త.

అలా వచ్చాం వార్నంబూల్‌కి,
జులై చలిలో, తెల్లారకముందే లేచి.
కారు వెనక పసుపుపచ్చ ఎల్ పలక,
నా సీటు ముందు లేని బ్రేకు మీద నా కుడికాలు.
పాల లారీ ఎదురైనప్పుడల్లా
ఒక దేవుడి పేరు మొదలుపెట్టి
లారీ దాటగానే సగంలో వదిలేశాను.
మూడు గంటల్లో ఎంతమందికి బాకీపడ్డానో.

లోగన్స్ బీచ్‌లో, ఇసుకదిబ్బ పైన కట్టిన చెక్క అరుగు మీద
మాకంటే ముందే ఒక ముసలాయన.
మడతకుర్చీ, ఫ్లాస్కు, ఉన్నిటోపీ. పేరు డెస్మండ్‌ట.
"నిన్న రావలసింది మీరు" అన్నాడు,
"తల్లీ పిల్లా, ఇదిగో ఇంత దగ్గర,
దొడ్లో ఆవూ దూడా నిలబడ్డట్టు."
నేనెక్కడికెళ్ళినా ఈ మాట ముందే వచ్చి కూచుంటుంది.
చీరల తగ్గింపు నిన్నటితో సరి,
డాక్టరుగారు నిన్ననే ఊరెళ్ళారు.
నిన్నకి బస్సులు లేవు.

రెండు గంటలు చూశాం.
బూడిదరంగు గొంగళి కింద ఎవరో
అటు పొర్లి ఇటు పొర్లి
లేవకుండా పడుకున్నట్టు, నీళ్ళు.
నాకు తెలిసింది వాడరేవు సముద్రం.
ఎండుచేపల వాసనేసుకుని ఎదురొచ్చి
ఎవరి తాలూకు అని అడిగే సముద్రం.
ఇది ఏమీ అడగదు.
దీని అవతలి ఒడ్డు మంచు.
స్టీలుడబ్బాలో పులిహోర చల్లబడి రాయైంది.
డెస్మండ్‌కి పెడితే వేరుశనగపప్పులు ఏరుకుని తిని
"బాగుంది" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

పోనీ కుక్కలనైనా చూద్దామని
మిడిల్ ఐలండ్ ఎదురుగా వెళ్ళాం.
ఆటు తగ్గితే నక్కలు నడిచొచ్చి
పెంగ్విన్లని తినేసేవట,
అందుకని రెండు తెల్లకుక్కల్ని కాపలా పెట్టారట.
"చలికాలం వాటికి సెలవులు" అంది
అటే నడుస్తున్న ఒకావిడ.
పెంగ్విన్లు?
"పగలు వేటకి పోతాయి."
కాపలాదార్లు లేరు, ఇంటివాళ్ళూ లేరు.
ఒక రాయి, చుట్టూ నురగ.
ఆముక్త దానికే ఫొటో తీసింది.

పిలవని పేరంటం ఒక్కటే జరిగింది ఆరోజు.
టవర్ హిల్‌లో, చల్లారిన అగ్నిపర్వతం కడుపులో
బల్ల మీద మేం సంచి విప్పామో లేదో
ఒక ఈము వచ్చి నిలబడింది,
పెళ్ళిలో వంటల దగ్గరికొచ్చిన మేనత్తలా
మెడ చాచి, అన్నిట్లోకీ తొంగిచూస్తూ.
పెట్టకూడదని బోర్డుంది. పెట్టలేదు.
అయినా ఒక చేగోడీ మాయమైంది.
నవ్వీ నవ్వీ నా కూతురు బల్లమీద వాలిపోయింది.
దాని మెడ వెనక చిన్న పుట్టుమచ్చ.
జడలు వేసే రోజుల్లో రోజూ చూసేదాన్ని.

తిరుగుప్రయాణంలో చీకటి పడింది.
నేను నేర్చుకున్నది ముప్పైఎనిమిదో ఏట,
మూడుసార్లు తప్పి, నాలుగోసారి ఏడ్చి.
ఇప్పటికీ కుడివైపు మలుపంటే ఊపిరి బిగపడతాను.
ఇదేమో ఒక చేత్తో హీటరు తగ్గిస్తూ
"పడుకోకు అమ్మా, నువ్వు పడుకుంటే లెక్కలోకి రాదు" అంటోంది.
కాంపర్‌డౌన్ బంకు దగ్గర టీ తాగడం గుర్తుంది.
తర్వాత కోలాక్ లైట్లు.

"కంగారూ ఒకటి రోడ్డు మధ్యలో" అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.
"ఆగాను. లైట్లు తగ్గించాను.
అది చాలాసేపు ఆలోచించింది.
వెళ్ళాక బయల్దేరాను."
"నన్ను లేపొచ్చుగా?"
"ఎందుకు?"

కారు పక్కకి ఆపి, లోపలి దీపం వేసి, లాగ్‌బుక్ తెరిచింది.
వాతావరణం: పొడి. వెలుతురు: రాత్రి.
మొత్తంలోంచి నలభై నిమిషాలు
తనే తీసేసి, నా ముందు పెట్టింది.
సంతకం చేద్దామని ముందుకి వంగితే
అప్పుడు కనిపించింది నా కుడికాలు.
ఎప్పుడు విడిచానో చెప్పు,
మడుచుకుని సీటు మీద ఉంది,
వెచ్చగా, తిమ్మిరెక్కి.